అసంపూర్ణ మార్కెట్లలో పోర్ట్‌ఫోలియో ఎంపిక

చేతిలోని సొమ్ములో ఎంత ఖర్చు పెట్టాలి, మిగిలినదాంట్లో షేర్లకెంత, భద్రమైన బాండ్లకెంత అన్నది మదుపరి జీవితాంతం తేల్చుకుంటూనే ఉండాల్సిన లెక్క. ప్రతి రిస్కుకూ రక్షణ కొనుక్కునే వీలుంటే అది సంపూర్ణ మార్కెట్. ఉద్యోగం పోతుందన్న భయాన్ని ఏ షేరూ పూర్తిగా తీర్చలేదు కనుక వాస్తవ మార్కెట్లు అసంపూర్ణమైనవే.

1952లో హ్యారీ మార్కోవిట్జ్ వేసిన లెక్క ఒక్క కాలావధికే సరిపోయేది. 1969లో పాల్ శామ్యూల్‌సన్, ఆయన శిష్యుడు రాబర్ట్ మెర్టన్ ఒకే పత్రికలో ప్రచురించిన వ్యాసాలు దాన్ని జీవితకాలానికి విస్తరించాయి. మెర్టన్ సూత్రం చాలా పొట్టిది. బాండ్ల కంటే షేర్లు అదనంగా ఇచ్చే రాబడి 6 శాతం, వాటి ఒడిదుడుకులు 20 శాతం, రిస్కుకు మదుపరి వేసే వెనుకంజను కొలిచే అంకె 3 అనుకుందాం. 0.06ను 3తోనూ, 0.20 వర్గమైన 0.04తోనూ భాగిస్తే 0.5 వస్తుంది; అంటే సగం సొమ్ము షేర్లలో పెట్టాలి. ఇందులో వయసు ప్రసక్తే లేదు. వయసు మీదపడేకొద్దీ షేర్లు తగ్గించుకోమనే సలహాదారులకు ఇది మింగుడుపడని ఫలితం. అయితే రాబడుల తీరు మారదని, జీతం లేదని అనుకుంటేనే ఇది నిలుస్తుంది. రాబడుల తీరు మారుతుంటే ఆ మార్పు నుంచి కాచుకోవడానికీ కొంత పెట్టుబడి కావాలని మెర్టనే 1973లో చూపాడు.

1980లలో ప్లిస్కా, కరట్జాస్, కాక్స్, హువాంగ్ తదితరులు మార్టింగేల్ అనే గణిత పద్ధతితో సమస్యను సులువు చేశారు, కానీ సంపూర్ణ మార్కెట్లకే. 1991లో హే, పియర్సన్ ఒకవైపు, కరట్జాస్ బృందం మరోవైపు ఆ గడప దాటారు. ఈ చరిత్రలో అన్నిటికన్నా తెలివైన ఎత్తు ఇదే. మార్కెట్లో లేని షేర్లను ఉన్నట్టు ఊహించి లోటు పూడుస్తారు. తర్వాత వాటి రాబడిని ఎలా సర్దుతారంటే, మదుపరి తనంతట తానే వాటిని ఒక్కటీ కొనడు, అమ్మడు. అప్పుడు ఊహా మార్కెట్ జవాబే అసలు మార్కెట్‌కూ జవాబవుతుంది. ఈ ఎత్తు వెనకున్న ద్వంద్వ (డ్యుయాలిటీ) పద్ధతి ఎంత విస్తృతంగా చెల్లుతుందో 1999లో క్రమ్‌కోవ్, షాకర్‌మాయర్ తేల్చారు.

సిద్ధాంతం ఇంత పదునెక్కినా, జీతం రిస్కును లెక్కలోకి తెస్తే కాగితం మీద తెగే సూత్రం సాధారణంగా దొరకదు, కంప్యూటరే దిక్కు. 2005లో కోకో, గోమెస్, మెన్‌హౌట్ అలాగే లెక్కగట్టారు. రాబోయే జీతం చాలావరకు బాండులా పనిచేస్తుందనీ, వయసుతో పాటు అది తరిగేకొద్దీ షేర్ల వాటా తగ్గించుకోవడమే మేలనీ తేలింది. సలహాదారుల మాటే నెగ్గింది, కానీ అసలు కారణం వయసు కాదు, తరిగే జీతం.