ఆకాశంలో మూగబోయిన ‘స్పందన’

2009 డిసెంబరు 31తో తెలుగువాళ్లకు ఒక రేడియో పోయింది. దాని పేరు స్పందన. అది ఆకాశవాణి కాదు, ఎఫ్‌ఎం కాదు. భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఆసియాస్టార్ అనే ఉపగ్రహం నుంచి తిన్నగా ఇంట్లోని రేడియోలోకి దిగేది. గరగర లేదు, స్టేషన్ జారిపోవడం లేదు, పాటకూ పాటకూ మధ్య సబ్బుల ప్రకటనల గోల లేదు. నడిపింది వరల్డ్‌స్పేస్ అనే అమెరికా కంపెనీ. కర్ణాటక సంగీతానికి శ్రుతి, హిందుస్తానీకి గంధర్వ్, కన్నడానికి స్పర్శ, పాత హిందీ పాటలకు ఫరిష్తా. స్పందనతో పాటు ఇవన్నీ ఆ రోజుతోనే ఆగిపోయాయి.

వినేవాళ్లు లేక ఆగిందంటే మనసు సరిపెట్టుకునేది. కానీ వరల్డ్‌స్పేస్‌కు ప్రపంచం మొత్తం మీద ఉన్న చందాదారులు 1,70,000 మందికి పైనే. అందులో నూటికి 96 మంది భారతదేశంలోనే ఉన్నారు. ఆఫ్రికా, పశ్చిమాసియా, మిగతా ఆసియా అంతా కలిపినా ఆ మిగిలిన నలుగురే. అంటే ఆ కంపెనీ బతికినన్నాళ్లూ మన చెవుల మీదే బతికింది. మూసేసే రోజు వచ్చినప్పుడు మాత్రం మన మాట అడిగినవాళ్లు లేరు.

ఈ కథ మొదలు చాలా మంచి మొదలు. ఆ కంపెనీని పెట్టిన నోవా సమారా ఇథియోపియాలో పుట్టి అమెరికాలో న్యాయశాస్త్రం చదివినవాడు. 1980ల చివర ఆఫ్రికాలో ఎయిడ్స్‌తో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అవుతున్నాయన్న వార్త పత్రికలో చదివి కదిలిపోయాడట. జబ్బు ఎలా సోకుతుందో, ఎలా తప్పించుకోవాలో చెప్పే గొంతు ఆ పల్లెలకు చేరడం లేదు. కరెంటు లేదు, పత్రిక రాదు, టీవీ మాట ఎత్తే పని లేదు. ఆకాశం నుంచి నేరుగా చిన్న రేడియోకు గొంతు పంపితే ఎంత మారుమూల పల్లె అయినా ఒకటే కదా అనుకున్నాడు. 1990లో కంపెనీ పెట్టాడు. 1998 అక్టోబరులో ఆఫ్రికా కోసం ఆఫ్రిస్టార్, 2000 మార్చిలో ఆసియా కోసం ఆసియాస్టార్ ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఏరియన్ రాకెట్ల మీద ఎగిరాయి.

ఆ కలలో ఉన్న పల్లె ఎలా ఉంటుందో తెలియాలంటే ఆఫ్రికా దాకా పోనక్కర్లేదు. కర్నూలు జిల్లాలో ఆదోని నుంచో ఎమ్మిగనూరు నుంచో బస్సెక్కి దేవనకొండలో దిగితే చాలు. వానను నమ్ముకున్న పత్తి, శనక్కాయ చేలు. వాన ముఖం చాటేస్తే తలుపులకు తాళాలు పెట్టి, పిల్లాపాపలతో గుంటూరు మిరప తోటలకు సుగ్గికి పోయే కుటుంబాలు. అలాంటి చోట రేడియో ఎప్పుడూ విలాస వస్తువు కాలేదు. కడప కేంద్రం చెప్పే పంటల కబుర్లు, వాన కబుర్లు దాంట్లోనే వినాలి. ఒకప్పుడు సముద్రం అవతలి నుంచి రేడియో సిలోన్ వచ్చేది. మీనాక్షి పొన్నుదురై గొంతులో తెలుగు పాటల పేర్లు వినడానికి ట్రాన్సిస్టర్‌ను ఇటు తిప్పి అటు తిప్పి చెవికి ఆనించుకున్న తరం ఇంకా ఈ ఊళ్లలో ఉంది. అల దగ్గరికొచ్చి మళ్లీ దూరమయ్యే ఆ పాటను పట్టుకోవడానికి వాళ్లు పడ్డ తిప్పలు తలచుకుంటే, గరగర లేని తెలుగు పాట ఆకాశం నుంచి తిన్నగా దిగడమన్నది ఎంత పెద్ద మాటో అర్థమవుతుంది.

ఆ పాట దిగింది కూడా. ఆసియాస్టార్ 105 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలిచింది. దేవనకొండలో నిలబడి ఆగ్నేయం వైపు తిరిగి, ఆకాశంలో సగానికి కొంచెం పైగా తలెత్తితే అది ఉన్న చోటు. మధ్యలో మిద్దెలు లేవు, మేడలు లేవు. బెంగళూరులో పది అంతస్తుల భవనం అడ్డొచ్చి కిటికీ కిటికీకీ యాంటెన్నా మార్చుకుంటున్న కాలంలో, ఈ మెట్ట నేల మీద మాత్రం ఏ అడ్డూ లేకుండా ఆ కిరణం దాదాపు పదేళ్ల పాటు పడుతూనే ఉంది. పట్టుకునే పెట్టె మాత్రం ఇక్కడికి రాలేదు.

ఎందుకు రాలేదో డబ్బు చెబుతుంది. ఉపగ్రహాలు తయారుచేసి ఎగరేయడానికే కంపెనీ కొండంత అప్పు చేసింది. ఉచితంగా వినిపించి, ఛానెళ్లు అద్దెకిచ్చుకుని, ప్రకటనలతో గడుపుకుందామన్న మొదటి లెక్క నిలబడలేదు. తరువాత చందా వచ్చింది. ఏడాదికి 1,800 రూపాయల దాకా, రేడియో ఖరీదు వేరే. ఉపాధి హామీ పథకం పక్క జిల్లా అనంతపురంలోని బండ్లపల్లిలో మొదలైంది 2006 ఫిబ్రవరిలో. అప్పుడు రాష్ట్రంలో దాని రోజుకూలి 80 రూపాయలు. ఆ లెక్కన పాట వినడానికి ఒక మనిషి 22 రోజులకు పైగా మట్టి తవ్వాలి. రేడియో సెట్టు కొనడానికి ఇంకా తవ్వాలి. ఎవరి కోసం ఆ ఉపగ్రహాన్ని తలచారో వాళ్లు దాని లెక్కలోంచి అక్కడే జారిపోయారు. నా దృష్టిలో వరల్డ్‌స్పేస్ పతనం దివాలా కోర్టులో మొదలుకాలేదు, ఈ చందాతోనే మొదలైంది.

కట్టగలిగినవాళ్లు మాత్రం ప్రాణం పెట్టి విన్నారు. వాళ్లనూ తక్కువ చేయలేను. హైదరాబాదులో, చెన్నైలో, బెంగళూరులో రిటైరైన ఉద్యోగులు, సంగీతం మాస్టార్లు, ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు తెల్లవారుజామున శ్రుతి పెట్టుకుని కాఫీ కాచుకున్నారు. 2006లో ఎ.ఆర్. రెహమాన్ ఆ కంపెనీకి ప్రచారకర్త అయ్యాడు. భారత విభాగం కార్యాలయం బెంగళూరులో ఉండేది. ఏ రాగం ఏ పూట వేయాలో, ఏ పాత పాట వెనక ఎవరున్నారో తెలిసిన మనుషులు పనిచేశారు. గొంతు మనది, చెవి మనది, పాట మనది. ఉపగ్రహం, లైసెన్సు, బ్యాంకు ఖాతా మాత్రం మేరీల్యాండ్ రాష్ట్రంలోని సిల్వర్ స్ప్రింగ్‌వి. కౌలుకు చేసేవాడు ఎంత చెమటోడ్చినా పొలం అమ్మకం కాగితం మీద వాడి సంతకం ఉండదు. మన శ్రోతల సంగతీ అదే అయింది.

2005 ఆగస్టులో వరల్డ్‌స్పేస్ అమెరికా స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. షేరు 21 డాలర్లకు అమ్ముడుపోయింది. అంతకు నెల ముందే అక్కడి ఎక్స్‌ఎం శాటిలైట్ రేడియో రెండున్నర కోట్ల డాలర్లు పెట్టింది. అమెరికాలో ఎక్స్‌ఎం కార్లలో బిగించే రేడియో మీద బతికింది. కారు కొన్నవాడికి రేడియో దానంతటదే అలవాటయ్యేది. ఇక్కడా అదే జరగాలంటే నగరాల్లో మిద్దెల నీడ పడే చోటల్లా నేల మీద రిపీటర్లు పెట్టాలి. దానికి ప్రభుత్వ అనుమతి కావాలి. ఉపగ్రహ రేడియోకు ప్రత్యేక విధానం ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2005లోనే సిఫార్సు చేసింది. కంపెనీ బతికినన్నాళ్లూ ఆ విధానం రానే లేదు. కారులోకి చేరని శాటిలైట్ రేడియో డ్రాయింగ్ రూములో ఒక మూలే ఉండిపోయింది. అటు అప్పు వడ్డీ ఆగదు, ఇటు చందా పెరగదు. పరదేశం పెట్టుబడికీ స్వదేశం అనుమతికీ మధ్య కుదరాల్సిన పొత్తు చివరిదాకా కుదరలేదు.

2008 అక్టోబరు 17న కంపెనీ అమెరికాలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. అప్పులు 200 కోట్ల డాలర్లకు పైమాట, ఆస్తులు 30 కోట్ల డాలర్ల మేర. లిబర్టీ మీడియా అనే పెద్ద సంస్థ ఆ అప్పుల మీద చేయి వేసింది. 2009 ఫిబ్రవరిలో మునిగిపోబోతున్న అమెరికా ఉపగ్రహ రేడియో సిరియస్ ఎక్స్‌ఎమ్‌కు 53 కోట్ల డాలర్ల రుణమిచ్చి నిలబెట్టింది కూడా ఈ లిబర్టీయే. ఇక్కడ కూడా గట్టెక్కిస్తారేమోనని ఏడాదంతా ఎదురుచూశారు. పొద్దున లేచి రేడియో పెడితే పాట వస్తూనే ఉంది. చందా కట్టమని అడుగుతూనే ఉన్నారు, జనం కడుతూనే ఉన్నారు.

2009 డిసెంబరు చివరి వారంలో చందాదారులకు ఉత్తరాలు వచ్చాయి. కంపెనీ ఆస్తులను కొనే అవకాశమున్న సంస్థ, భారతదేశంలోని చందా వ్యాపారాన్ని మాత్రం కొనదలచుకోలేదట. అందుచేత నెలాఖరుతో ప్రసారం ఆగుతుంది. నూటికి 96 మంది ఉన్న చోటు కొనడానికి పనికిరాలేదు. ముందుగా కట్టిన డబ్బు తిరిగి వచ్చే దారి చూపలేదు. చేతిలో మిగిలిన ఆ రేడియో మరే స్టేషన్‌నూ ఉపగ్రహం నుంచి పట్టుకోలేదు.

ఇలా ఆగిపోయినవి అంతకుముందూ ఉన్నాయి, ఆ వెంటనే కూడా ఉన్నాయి. హిందుస్థాన్ టైమ్స్ పత్రిక బ్రిటన్‌కు చెందిన పియర్సన్, కార్ల్‌టన్, హాంకాంగ్ టీవీబీలతో కలిసి 1996లో పెట్టిన హోమ్ టీవీ రెండేళ్లకే మూతపడింది. అమెరికా టర్నర్ సంస్థ, మన దేశానికి చెందిన ఆల్వా సోదరులు కలిసి 2009లో మొదలుపెట్టిన ‘రియల్’ ఛానెల్ ఏడాది తిరగగానే 2010లో పోయింది. అవి పోతే చూసేవాళ్లు పక్క ఛానెల్‌కు మారారు. స్పందనకు పక్క ఛానెల్ లేదు.

వరల్డ్‌స్పేస్ కోర్టుకెక్కడానికి సరిగ్గా రెండు రోజుల ముందు, 2008 అక్టోబరు 15న, అప్పటి మెదక్ జిల్లా జహీరాబాదు దగ్గర మాచనూరులో సంగం రేడియో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలది. దళిత మహిళలే మైకు ముందు కూర్చుని చిరుధాన్యాల గురించి, విత్తనం దాచుకోవడం గురించి, పండుగల పాటలతో సహా వాళ్ల యాసలోనే చెప్పారు. దాని అల కొన్ని కిలోమీటర్లు దాటదు. కానీ దాన్ని మూయాలంటే ఆ ఊరివాళ్లే మూయాలి. సమారా కలగన్నది ఇలాంటి రేడియోనే. అది ఉపగ్రహం నుంచి రాలేదు, మాచనూరు నేల మీద నుంచే లేచింది.

పశ్చిమ కర్నూలుకు ఇంతవరకు అలాంటి అదృష్టం పట్టలేదు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్‌ఎం ఛానెళ్ల వేలానికి ఒప్పుకుంది. అందులో ఆంధ్రప్రదేశ్ పట్టణాలు 22. ఆదోని పేరూ ఉంది. వస్తే సంతోషమే. కానీ అది వేలంపాటలో గెలిచినవాళ్ల రేడియో. లాభం లేదనుకున్న రోజున ఎక్కడో ఉన్న కార్యాలయంలో ఒక కాగితం మీద మళ్లీ అదే నిర్ణయం జరగవచ్చు.

సంగం లాంటి రేడియోకు మాత్రం దారి ఉంది. కమ్యూనిటీ రేడియో విధానం ప్రకారం వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, మూడేళ్లకు పైగా నమోదై పనిచేస్తున్న సేవా సంస్థలు రేడియో స్టేషన్ కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. దేవనకొండ, గోనెగండ్ల, కోసిగి, పత్తికొండ మండలాల్లో ఏళ్లుగా నీళ్ల మీద, వలసల మీద, చేనేత మీద పనిచేస్తున్న సంస్థలున్నాయి. వాళ్లందరికీ నా విన్నపం ఒక్కటే. దరఖాస్తు పెట్టండి. పాట ఏదైనా వేయండి, యాస మీదే ఉండనివ్వండి, తాళంచెవి మాత్రం ఊరు దాటనివ్వకండి.