నార్త్ పాయింట్ బడి – దార్జిలింగు కొండ మీద ఒక పాత బోర్డింగు స్కూలు కథ

దార్జిలింగు దగ్గర లెబాంగ్ కంటోన్మెంటులో పనిచేసిన మన తెలుగు సోదరులకు సింగమారి దగ్గర రోడ్డు పక్కన ఉన్న ఆ పెద్ద పాత భవనం గుర్తుండే ఉంటుంది. రోప్‌వే స్టేషను పక్కనే. రికార్డుల్లో దాని పేరు సెయింట్ జోసెఫ్స్ స్కూలు. జనం మాత్రం నార్త్ పాయింట్ అనే అంటారు. 2003లో నేను హవల్దారుగా అక్కడ ఉన్నప్పుడు, టౌనుకు బండి వెళ్ళినప్పుడల్లా ఆ గేటు ముందు నుంచే పోయేవాళ్ళం. సరిగ్గా ఆ ఏడే మా అబ్బాయి మూడో బడి మారాడు. అందుకే ఆ గేటు వైపు నా చూపు మాటిమాటికీ పోయేది.

ఆ కొండ మీద అన్ని బడులు ఎందుకు వెలిశాయో ముందు చెప్పాలి. 1835లో ఈస్టిండియా కంపెనీ సిక్కిం రాజు దగ్గర దార్జిలింగు తీసుకున్నది, మైదానాల్లో జబ్బుపడ్డ తెల్ల సిపాయిలకు చల్లని చోట విశ్రాంతి కోసం. అంటే మొదట్లో అది మన కాన్వలసెంట్ డిపో లాంటిదే. సిపాయిల వెనకాలే కుటుంబాలు, కుటుంబాల వెనకాలే బడులు. 1846లో లొరెటో సిస్టర్లు ఆడపిల్లల బడి పెట్టారు. 1864లో సెయింట్ పాల్స్ కలకత్తా నుంచి కొండ పైకి వచ్చింది. ('మై హూ నా' సినిమాలో షారుఖ్ ఖాన్ మేజరుగా వెళ్ళిన కాలేజీ ఆ సెయింట్ పాల్సే, మన నార్త్ పాయింట్ కాదు. చాలామంది పొరపాటు పడతారు.) 1881లో చిన్న రైలు దార్జిలింగు దాకా వచ్చేసరికి పిల్లల్ని పెట్టె బేడాతో పంపడం సులువైంది.

ఇక 1888లో జెసూట్ ఫాదర్లు సన్నీ బ్యాంక్ అనే చోట మగపిల్లల కోసం ఈ కాథలిక్ బోర్డింగు బడి మొదలుపెట్టారు. జెసూట్లంటే మనకు కొత్తవాళ్ళు కాదు, విజయవాడ లయోలా కాలేజీ వాళ్ళదే. వీళ్ళ మూలపురుషుడు ఇగ్నేషియస్ లొయోలా కూడా సిపాయే. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. మంచం మీద పడి ఉన్న రోజుల్లోనే ఆయన మనసు దేవుడి వైపు తిరిగింది. ఆ సంఘం పెద్దని ఇప్పటికీ 'జనరల్' అనే అంటారు.

నార్త్ పాయింట్ మొదటి రెక్టరు ఫాదర్ హెన్రీ డెపెల్షిన్, బెల్జియం దేశస్థుడు. 1860లో కలకత్తాలో సెయింట్ జేవియర్స్ కాలేజీ నిలబెట్టింది ఆయనే. తర్వాత 1879లో ఆఫ్రికాలో జాంబెజీ నది వైపు ఎద్దుబళ్ళ మీద బయలుదేరిన బృందానికి నాయకత్వం వహించాడు. జ్వరాలకు తోటివాళ్ళు ఒక్కొక్కరే పోయారు. అన్ని దెబ్బలు తిని తిరిగి మన దేశం వచ్చి, 66వ ఏట ఈ బడి చేతికి తీసుకున్నాడు. మనం ఆ వయసుకి పెన్షను, మోకాళ్ళ నొప్పులు తప్ప వేరే మాట మాట్లాడం! ఇప్పుడున్న నార్త్ పాయింట్ చోటుకి బడి 1892లో మారింది. 1900లో ఆయన కలకత్తాలో కన్నుమూశాడు.

సదుపాయాల సంగతి. వయసును బట్టి వేరే డార్మిటరీలు, ప్రార్థనకు చాపెలు, లైబ్రరీ, ఆ ఏటవాలు కొండని చదును చేసి ఆటల మైదానం. కొండల్లో చదును నేల ఎంత ఖరీదైనదో హెలిప్యాడు తవ్వినవాడికే తెలుస్తుంది. ఇలాంటి బడుల్లో సాయంత్రం చదువుని 'ప్రెప్' అంటారు, గంట కొట్టగానే అందరూ ఒకేచోట కూర్చుని నోరెత్తకుండా చదవాలి. పెద్ద సెలవులు ఎండాకాలంలో కాదు, చలికాలంలో. నా కళ్ళకి అది అచ్చం రిక్రూట్ల బారకే, కాకపోతే రిక్రూట్లకి ఎనిమిదేళ్ళు ఉంటాయి. ఆ వయసులో తల్లిని వదిలి ఉండటం మాటలు కాదు.

మొదట్లో ఎక్కువగా యూరోపియను, ఆంగ్లో-ఇండియను పిల్లల బడి. ఇంగ్లీషు రచయిత లారెన్స్ డరెల్ చిన్నప్పుడు ఇక్కడే చదివాడు. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో బెల్జియం వాళ్ళ స్థానంలో కెనడా జెసూట్లు వచ్చారు. ఆ తర్వాత నేపాల్ రాజు బీరేంద్ర, భూటాన్ రాజు జిగ్మే సింగ్యే వాంగ్చుక్ లాంటి వాళ్ళు ఇక్కడ కూర్చున్నారు. ఆ కెనడా ఫాదర్లలో ఒకాయన, ఫాదర్ విలియం మెకీ, 1963లో భూటాన్ వెళ్ళి అక్కడ బడులు కట్టాడు. దంతక్‌లో పనిచేసినవాళ్ళకు కాంగ్లుంగ్‌లోని షెరుబ్ట్సే తెలుసు కదా, అది ఆయన చేతి మీదుగా లేచిందే.

నా సంగతికొస్తే, హవల్దారు జీతం ఆ గేటు దాటదు. మా వాడు సెంట్రల్ స్కూళ్ళు మారుతూనే పన్నెండు పూర్తి చేశాడు. బదిలీల మధ్య పిల్లల చదువు ఒకేచోట సాగాలంటే మనలాంటి వాళ్ళకి దారి సైనిక్ స్కూలే, మన కోరుకొండ 1962 నుంచి ఆ పని చేస్తోంది. సీటు దొరికితే.

బోర్డింగుకి వేరే కష్టాలూ ఉన్నాయి. 1988లో ఈ బడి నూరేళ్ళ పండగ గోర్ఖాలాండ్ ఉద్యమం చివరి రోజుల్లో వచ్చింది. మళ్ళీ 2017లో కొండ మీద 104 రోజులు బందు. ఆ జూన్ 23న, బోర్డింగు పిల్లల్ని కిందకి దించడానికి 12 గంటలు మాత్రం బందు సడలించారు. కొండ మీది బడుల పిల్లలంతా ఆ ఒక్కరోజే బస్సుల్లో సిలిగురి దిగారు. నేను టీవీలో చూస్తున్నాను. ఆ మలుపులన్నీ నాకు తెలిసినవే.