ఒకటి తోస్తే వంద కదిలే కథ

అగ్గిపెట్టెలు వరుసగా నిలబెట్టి మొదటిదాన్ని వేలితో తోయడం మన అమ్రాబాద్ పిల్లలు ఎరిగిన ఆటే. అటువంటి ఆటే పాశ్చాత్య దేశాల్లో ఒక కళగా ఎదిగింది. ఆ చరిత్రను సభ్యుల ముందు క్లుప్తంగా ఉంచుతున్నాను.

దీనికి పేరు తెచ్చినవాడు అమెరికా వ్యంగ్య చిత్రకారుడు రూబ్ గోల్డ్‌బర్గ్ (1883–1970). ఆయనా కొన్నాళ్లు మనబోటి ఉద్యోగే. ఇంజనీరింగు పట్టా పొంది, శాన్‌ఫ్రాన్సిస్కో నగర నీటి, మురుగు కాల్వల శాఖలో చేరి, ఆరు నెలలకే మానేసి పత్రికలో బొమ్మలు గీయసాగాడు. భోజనం చేస్తూ మూతి తుడుచుకోవడానికి చిలుక, తారాజువ్వ, కొడవలి, గడియారపు లోలకం అన్నీ కలిపి ఒక యంత్రం గీశాడు. 1948లో ఆయనకు పులిట్జర్ బహుమతి వచ్చింది.

కాగితం మీది చమత్కారాన్ని నిజం వస్తువులతో నడిపి ఫిల్ముకెక్కించినవారు స్విట్జర్లాండు కళాకారులు పీటర్ ఫిష్లీ, డేవిడ్ వైస్. 1987లో వచ్చిన ఆ చిత్రం పేరుకు అర్థం 'వస్తువుల గమనం'. నిడివి అరగంట. నటులు లేరు. వేలాడే చెత్తసంచి తిరుగుతూ టైరును తాకుతుంది. అక్కడి నుంచి నిచ్చెన, పీపాలు, సీసాలు, నిప్పు, నీరు, నురుగు ఒకదాన్నొకటి కదిలిస్తూ పోతాయి. ఒకే ఊపున జరిగినట్టు కనిపించినా, ముక్కలుగా తీసి అతుకు తెలియకుండా కలిపారు. 2003లో హోండా కంపెనీ కారు విడిభాగాలతో ఇలాగే రెండు నిమిషాల ప్రకటన తీసింది.

మన 'మాయాబజార్' (1957)లో లడ్డూలు తామే ఎగిరి ఘటోత్కచుని నోట్లో పడతాయి. అది మార్కస్ బార్ట్‌లీ కెమెరా మాయ. ఇక్కడ మాయ లేదు. ప్రతి కదలికకూ వెనుక ఒక కారణం ఉంది.

ఆఫీసులో ఫైలు నడకా ఇంతే కదా! ఇన్‌వర్డు గుమాస్తా, సెక్షను, సూపరింటెండెంటు, ట్రెజరీ. నేనెరిగిన ఒక బంట్రోతు భార్యకు, సర్వీసు రిజిస్టరులోని పేరులో ఒక్క అక్షరం తేడా రావడంతో కుటుంబ పింఛను పద్నాలుగు నెలలు ఆగింది. అందరూ తమ బల్ల దగ్గర సరిగానే ఉన్నారు. మధ్యలో ఒక అగ్గిపెట్టె మాత్రం పడలేదు.

కనుక సభ్యులకు మనవి. మీ పింఛను కాగితాల్లో భార్య లేక భర్త పేరు, పుట్టిన తేదీ ఈ వారమే సరిచూసుకోండి. మన తరువాత ఆ వరుసను తోయవలసింది వారే.