పెళ్ళిపెద్ద పేరు పోగొట్టుకున్న శలభం

శలభం అంటే మనకు దీపంలో పడి మాడిపోయే పురుగు. మన కవులు దానికిచ్చిన ఉద్యోగం అదొక్కటే. 1872లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మాత్రం ఒక శలభం వేరే పని చేస్తూ దొరికింది.

జార్జ్ ఎంగెల్మాన్ అనే డాక్టరుకి వృక్షశాస్త్రం పిచ్చి. యక్కా పువ్వు ఆయనకో చిక్కుప్రశ్న. పుప్పొడి జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు, తనంతట తాను కీలాగ్రం చేరదు. మరి కాయ ఎలా కాస్తోంది? మిస్సోరీ రాష్ట్ర కీటకశాస్త్రవేత్త చార్లెస్ వాలెంటైన్ రైలీ ఆ ప్రశ్న పట్టుకుని రాత్రుళ్ళు పూల దగ్గర కాపు కాశాడు. తెల్లటి ఆడ శలభం పుప్పొడిని ఉండగా చుట్టి, తల కింద ఇరికించుకుని ఇంకో పువ్వుకి వెళ్తుంది. అండాశయంలో గుడ్డు పెడుతుంది. తర్వాత పైకెక్కి, పుప్పొడిని కీలాగ్రంలో కూరుతుంది. పిల్లపురుగులు కొన్ని గింజలు తింటాయి, మిగిలినవి మొక్కవి. ఒంటికి అంటుకున్న పుప్పొడి పొరపాటున రాలడం కాదిది, పనిగట్టుకుని చేసే పని.

అందరూ నమ్మలేదు. సందేహించినవాళ్ళలో కొందరు చూసింది యక్కా మీదే బతికే మరో శలభాన్ని, దానికి పుప్పొడి మోసే అవయవమే లేదు. 1880లో రైలీ దాన్ని విడదీసి, 'మోసగించేది' అనే అర్థంలో డెసిపియన్స్ అని పేరు పెట్టాడు. డార్విన్ అయితే 1874లోనే, పరాగసంపర్కం గురించి అచ్చయిన వాటిలో ఇంతకన్నా అద్భుతం లేదని హుకర్‌కి ఉత్తరం రాశాడు.

రైలీ తన శలభాన్ని ప్రోనుబా అన్నాడు. లాటిన్‌లో ఆ మాటకి పెళ్ళికూతురి వెంట ఉండే పెద్దముత్తయిదువ అని అర్థం. కానీ ఆ పేరు అప్పటికే ఒక పెంకుపురుగు ప్రజాతికి ఉంది. నియమం ప్రకారం 1873లో జెల్లర్ పెట్టిన టెజెటిక్యులాయే నిలిచింది.

మొహావీ ఎడారిలోని జాషువా చెట్లకి కూడా ఈ ప్రజాతే దిక్కు. అక్కడి శలభానికి రైలీ 1892లో పేరు పెట్టాడు. ఒక్కటే అనుకున్న ఆ శలభం నిజానికి రెండు జాతులని 2003లో పెల్మిర్, సెగ్రేవ్స్ తేల్చారు. పడమటి చెట్లకి ఒకటి, తూర్పు చెట్లకి ఇంకొకటి.

2020 ఆగస్టులో అక్కడ రేగిన మంటల్లో సుమారు 13 లక్షల జాషువా చెట్లు పోయాయని అంచనా. మొక్కలు మళ్ళీ నాటొచ్చు. రెక్కలొచ్చాక కొద్దిరోజులే బతికే ఆ ముత్తయిదువ, అవి పూసే రాత్రికి అక్కడ లేకపోతే మాత్రం గింజ కట్టదు.