తుపాకీ దించిన అన్న, పోడు కొట్టిన అయ్య: మన పిల్లలకు దారి చూపాల్సింది ఎవరు?

కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

సెలవులకి ఊరెళ్ళిన ప్రతిసారీ మనలో చాలామంది చూసే దృశ్యం ఒకటుంది. తెల్లారకముందే, ఇంకా మంచు దిగకముందే, ఘాట్ రోడ్డు మీద అయిదారుగురు కుర్రాళ్ళు పరిగెడుతుంటారు. వెనకాల మఫ్లర్ చుట్టుకుని ఒక అన్న నడుస్తూ లెక్క పెడుతుంటాడు. ఆర్మీలో పదిహేడేళ్ళు చేసి పెన్షన్ మీద ఇంటికొచ్చినవాడు. జీతం లేదు, సంస్థ లేదు, బోర్డు లేదు. అడిగితే "ఊరికే కూర్చోలేక" అంటాడు.

మొన్న మా ఊళ్ళో ఇలాంటి అన్న ఒకాయన, కొంతమంది తల్లిదండ్రులు కలిసి పిల్లలకి ఆదివారం ఆదివారం ఏదో ఒకటి నేర్పుదామని మాట్లాడుకున్నారు. పరుగు, తాళ్ళ ముడులు, ఫస్ట్ ఎయిడ్, లెక్కలు, మన పాటలు. అందరూ బాగుందన్నారు. ఒక తాత మాత్రం లేచి "పిల్లల్ని ఖాకీ చేతుల్లో పెడతారా?" అని వెళ్ళిపోయాడు. కుర్రాళ్ళు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ తాత మాట వెనక వందేళ్ళ చరిత్ర ఉంది.

మన కొండల్లోకి యూనిఫాం మొదట ఎలా వచ్చిందో గుర్తు చేసుకుందాం. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు నేరమైపోయింది, అడవిలో పుట్టినవాడే అడవికి దొంగ అయ్యాడు. నర్సీపట్నం నుంచి చింతపల్లి దాకా రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మనవాళ్ళ చేత చాకిరీ చేయించుకుని కూలి ఎగ్గొట్టాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లు. మూడు రోజుల్లో మూడు. అల్లూరి సీతారామరాజు ముందు నడిచారు. పక్కన గాం గంటం దొర, గాం మల్లు దొర, ఇంకా మన పేర్లు రాసి పెట్టని ఎంతోమంది. సెప్టెంబర్ 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయాక సర్కారు మలబార్ స్పెషల్ పోలీసుని దింపింది, అదీ చాలక అస్సాం రైఫిల్స్ ని దింపింది. అస్సాం రైఫిల్స్ లో ఉన్నది ఎవరంటే గూర్ఖాలు, ఈశాన్య కొండల మనుషులు. అంటే మన కొండల మీదికి ఇంకో కొండవాళ్ళనే పంపారన్నమాట. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుగారిని కాల్చేశారు. ఆ ఏడాదే గంటం దొర కూడా కాల్పుల్లో పోయారు. ఆ రెండేళ్ళు ఊళ్ళు పడిన బాధ తాతల నోట మన దాకా వచ్చింది. ఖాకీ అంటే భయం అక్కడిది.

అయితే ఈ కథ అక్కడితో ఆగలేదు. ఏళ్ళ తరబడి జైల్లో ఉండి వచ్చిన మల్లు దొర 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్ సభకి ఎన్నికయ్యారు. కొండల్లో పోరాడిన మనిషి ఢిల్లీలో కూర్చున్నారు. పోరాటం తెలిసినవాడు ఆయుధం దించాక ఏం చెయ్యగలడు అన్నదానికి మన ఇంట్లోనే ఒక జవాబు ఉంది.

ఇప్పుడు ఇంకో వైపు చూద్దాం. రిటైరైన సైనికులు పిల్లల్ని పోగేసి నేర్పడం అనే ఆలోచన ప్రపంచంలో బాగా పాకింది స్కౌటింగ్ తోటి. దాన్ని మొదలుపెట్టిన బేడెన్ పోవెల్ బ్రిటిష్ సైన్యాధికారి. దక్షిణాఫ్రికాలో 1899, 1900 సంవత్సరాల్లో మఫెకింగ్ పట్టణం 217 రోజులు ముట్టడిలో ఉన్నప్పుడు అక్కడి కుర్రాళ్ళు ఉత్తరాలు మోస్తూ, కాపలా కాస్తూ సాయం చేశారు. అది చూసిన ఆయన 1907 ఆగస్టులో బ్రౌన్సీ అనే దీవిలో సుమారు ఇరవై మంది పిల్లలతో క్యాంపు పెట్టాడు. 1908లో పుస్తకం రాశాడు. మిగతాది అందరికీ తెలిసిందే.

అందరికీ తెలియనిది ఒకటుంది. ఆ క్యాంపులో పిల్లల్ని నిద్ర లేపడానికి ఊదింది కుడు అనే ఆఫ్రికా జింక కొమ్ము, మటబెలె యుద్ధం నుంచి తెచ్చుకున్నది. స్కౌట్ మాస్టర్ ట్రైనింగ్ పూర్తి చేసినవాళ్ళు మెడలో వేసుకునే చెక్క పూసలు మొదట జులూ రాజు దినిజులు హారంలోవని చెప్పుకుంటారు. అడుగు జాడ చూసి ఏ జంతువు ఎటు పోయిందో చెప్పడం, గాలి వాటం చూసుకుని నడవడం, అగ్గిపెట్టె లేకుండా నిప్పు చెయ్యడం ఎవరి విద్యలు? సైన్యంలో ఆయన తిరిగిన నేలల మీద అడవి మనుషులు తరతరాలుగా బతికిన విద్యలు. వాటికి బ్యాడ్జీలు కుట్టి, మార్కులు పెట్టి ప్రపంచానికి పంచారు. పంచడం తప్పని మేము అనడం లేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పిల్లలకి బ్యాడ్జీ ఎంత ఆలస్యంగా అందిందో చూడమంటున్నాం.

మన దేశం సంగతే తీసుకోండి. 1909లో కెప్టెన్ బేకర్ అనే సైన్యాధికారి బెంగళూరులో మొదటి స్కౌట్ దళం పెట్టాడు. అందులో ఇంగ్లీషు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే చోటు. నల్ల పిల్లలకి స్కౌటింగ్ నేర్పితే రేపు మన మీదికే తిరుగుతారని దొరల అనుమానం. అప్పుడు అనీ బిసెంట్, జార్జ్ అరండేల్ మద్రాసులో భారతీయ పిల్లల కోసం వేరే స్కౌట్ సంఘం పెట్టారు. అటు అలహాబాద్ లో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్ పాయ్ 1918లో సేవా సమితి స్కౌట్ సంఘం పెట్టారు. వీళ్ళెవరూ సైనికులు కారు. టీచర్లు, లాయర్లు, సమాజం కోసం టైం ఇచ్చిన మామూలు పెద్దలు. తెల్లవాళ్ళ సైనికుడు ఒక తలుపు తెరిచి మనకి మూసేస్తే, మన పెద్దలు ఇంకో తలుపు చేసుకున్నారు. 1937లో ఇండియా వచ్చిన బేడెన్ పోవెల్ భారతీయుల నడవడికని తక్కువ చేసి మాట్లాడారని దేశమంతా గొడవైంది. దాంతో చాలామంది బయటికొచ్చి 1938లో హిందుస్తాన్ స్కౌట్ సంఘం కట్టుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1950 నవంబర్ 7న అన్నీ కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. అదే కుంజ్రూ గారి కమిటీ చెప్పినదాని మీదే 1948లో ఎన్.సి.సి. పుట్టింది. 1949లో ఆడపిల్లల విభాగం వచ్చింది. ఇవాళ డిగ్రీలో మీరు వేసుకునే ఖాకీ వెనక ఇంత కథ ఉంది.

మరి మన కొండల్లో దీనికి ముందు ఏమీ లేదా? ఉంది. బస్తర్ లో మురియా వాళ్ళకి ఘోటుల్ ఉంది. వెరియర్ ఎల్విన్ 1947లో దాని మీద పెద్ద పుస్తకమే రాశాడు. కుర్రాళ్ళని చెలిక్ అంటారు, అమ్మాయిల్ని మోటియారి అంటారు, వాళ్ళలోంచే నాయకుల్ని ఎంచుకుంటారు. చిన్నవాళ్ళకి పెద్దపిల్లలే పని, పాట, మర్యాద నేర్పుతారు. పక్కనే మల్కన్ గిరి బోండోలకీ యువతకి విడిగా ఇళ్ళుండేవి. మన దగ్గర ఇటుకల పండగ చూడండి. చైత్రంలో మగవాళ్ళంతా అడవికి వెళ్ళేవాళ్ళు, కుర్రాడు మొదటిసారి పెద్దల వెనక నడిచేది అప్పుడే. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి, దొరికింది ఎలా పంచుకోవాలి, అన్నీ అక్కడే. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట కుదరదు, కుదరకూడదు కూడా. థింసాలో కూడా అంతే, ఒకరి నడుం వెనక ఒకరు చెయ్యేసి అడుగు తప్పకుండా తిరగడం డ్రిల్ కంటే తక్కువా? ఆ డ్రిల్ కి కమాండ్ ఇచ్చేది తుడుం.

ఇదంతా తల్లిదండ్రులు, పెద్దలు, పెద్దపిల్లలు నడిపిన యూత్ ప్రోగ్రామే. దానికి ఆ పేరు లేదు, అంతే.

అది ఎక్కడ తెగింది? మా అనుభవంలో చెప్పాలంటే, ఒకటో తరగతి, మూడో తరగతి నుంచే మనం హాస్టళ్ళకి వెళ్ళిపోయాం. ఆశ్రమ పాఠశాల మనకి అన్నం పెట్టింది, చదువు చెప్పింది, ఆ మేలు మర్చిపోలేం. కాని అమ్మ, అయ్య మన చదువులోంచి బయటికి పోయారు. సంతరోజు వచ్చి గేటు దగ్గర నిలబడి, చోడి రొట్టో, పండో చేతిలో పెట్టి వెళ్ళిపోయే చుట్టాలైపోయారు. ఏ పుట్టగొడుగు తినాలో, ఏది తినకూడదో, వాగు ఎప్పుడు దాటకూడదో మనలో సగం మందికి తెలీదు. ఒప్పుకుందాం. 2009 విద్యాహక్కు చట్టం స్కూలు కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంది, సభ్యుల్లో సగం ఆడవాళ్ళు ఉండాలంది. చాలాచోట్ల అది సంతకం దగ్గరే ఆగిపోయింది. వేలిముద్ర అడిగారు, మాట అడగలేదు.

యూనిఫాంలో పనిచేసిన మనిషి నమ్మకంతో చెయ్యి వేస్తే, తల్లిదండ్రులు ధైర్యం చేస్తే ఏమవుతుందో మనం చూశాం. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల బంజారా బిడ్డ మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఖమ్మం నుంచి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. గురుకులాల వ్యవహారం చూస్తున్న ఐ.పి.ఎస్. అధికారి ప్రవీణ్ కుమార్ పూనుకున్నారు, శేఖర్ బాబు ట్రైనింగ్ ఇచ్చారు, భువనగిరి రాతిగుట్ట మీద మొదలైంది. కాని ఆలోచించండి, కూలి చేసుకునే ఆ అమ్మా నాన్నా "వద్దు" అంటే ఆ కథే లేదు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం కూడా అంతే. మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ అక్కడినుంచి సైన్యానికి వెళ్తూనే ఉన్నారు. అక్కడి పిల్లాడికి కోచింగ్ సెంటర్ అక్కర్లేదు, అరుగు మీద కూర్చున్న తాతే చాలు. మనకి లేనిది ఆ అరుగే.

ఇంత చరిత్ర ఎందుకు చెప్తున్నామంటే, ముందు ఒక మలుపు ఉంది. 2022 జూన్ లో అగ్నిపథ్ వచ్చింది. నాలుగేళ్ళ సర్వీసు, ఆ తర్వాత ప్రతి బ్యాచ్ లో పాతిక శాతం దాకానే పర్మినెంట్. 2022 చివర, 2023 మొదట్లో చేరిన మొదటి బ్యాచ్ కి నాలుగేళ్ళు నిండేది 2026 చివర, 2027 మొదట్లో. అంటే ఇకనుంచి ప్రతి ఏడూ ఇరవై రెండు, ఇరవై అయిదేళ్ళ వయసులో, పెన్షన్ లేకుండా, ట్రైనింగ్ తో ఇంటికొచ్చేవాళ్ళు ఉంటారు. మన ఊళ్ళ కుర్రాళ్ళు కూడా అందులో ఉంటారు. ఆ పథకం మంచిదా చెడ్డదా అని ఇంకో పోస్టులో కొట్టుకుందాం. వచ్చినవాళ్ళని ఊరు ఎలా అందుకుంటుంది? సెక్యూరిటీ గార్డు పనికి విశాఖ బస్సు ఎక్కిస్తామా, ఊళ్ళో పిల్లల ముందు నిలబెడతామా?

మా ఊళ్ళో తాత లేచి వెళ్ళిపోయాక ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి నాలుగు మాటల మీద అందరూ ఒప్పుకున్నారు. మీ ఊళ్ళకి పనికొస్తాయేమో చూడండి.

ఒకటి, జవాను అన్న ఒక్కడే నడపకూడదు. పక్కన ఒక తల్లి, ఒక తండ్రి ఎప్పుడూ ఉండాలి. ఆడపిల్లలు ఉన్న రోజు అమ్మలు తప్పనిసరి. ఏ పెద్దమనిషీ పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు, ఎంత మంచివాడైనా సరే.

రెండు, ఇది ఆర్మీ సెలక్షన్ క్యాంపు కాదు. వెళ్ళాలనుకున్నవాడు వెళ్తాడు. కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచి మన పక్క జిల్లాలోనే ఉంది, ఎస్టీలకి ఏడున్నర శాతం సీట్లున్నాయి, ఇప్పుడు ఆడపిల్లల్ని కూడా తీసుకుంటున్నారు, ఆరో తరగతి పరీక్ష తెలుగులో రాయొచ్చు. ఈ సంగతి ప్రతి ఇంటికీ చెప్పాలి. చెప్పడం వేరు, తోయడం వేరు.

మూడు, డబ్బు లేదు. ఫీజు లేదు, చందా లేదు. ఉద్యోగం ఇప్పిస్తామని వచ్చే బ్రోకర్ ని ఊరి పొలిమేర దాటనివ్వకూడదు.

నాలుగు, సగం ఆదివారాలు జవానువి, సగం అమ్మానాన్నలవి. ఒక వారం పరుగు, ఫస్ట్ ఎయిడ్, మ్యాప్ చదవడం. ఇంకో వారం గడ్డలు, ఆకులు, విత్తనాలు, కువి, గదబ, పోరజ, ఆదివాసీ ఒరియా మాటలు. మ్యాప్ లో ఉన్న కొండకి మన పేరు ఏంటో అయ్యే చెప్పాలి.

మర్నాడు ఆ అన్నే తాత ఇంటికి వెళ్ళాడు. మేమూ వెళ్ళాం. అన్న పెద్దగా ఏమీ మాట్లాడలేదు. "తాతా, నాకు తుపాకీ నేర్పారు గాని అడవి నేర్పలేదు. చిన్నప్పుడే హాస్టల్ కి పోయాను. ఒక ఆదివారం నువ్వు రా, పిల్లల్తో పాటు నేనూ నేర్చుకుంటా" అన్నాడు. తాత చుట్ట ఆర్పి కాసేపు ఊరుకున్నాడు. తర్వాత "పొద్దున్నే రమ్మను, ఎండెక్కితే నేను నడవలేను" అన్నాడు.

మీ ఊళ్ళో ఇలా ఎవరైనా చేస్తుంటే కామెంట్లో రాయండి. రిటైరై వచ్చిన అన్నలు ఈ గుంపులో ఎవరైనా ఉంటే, మీరే ముందు రాయండి. మీ పేరు కంటే మీరు ఏం నేర్పగలరో రాయండి చాలు.

జై ఆదివాసీ.