కుందేటి కొమ్మును నూరి చూసినవాడు

మూర్ఖుణ్ణి మెప్పించడం ఎంత కష్టమో చెప్పడానికి భర్తృహరి ఏరి తెచ్చిన అసాధ్యాల్లో కుందేటి కొమ్ము ఒకటి. ఏనుగు లక్ష్మణ కవి పుణ్యమా అని తెలుగు బళ్ళో చదువుకున్న వాళ్ళందరికీ అది తెలుసు. తర్కం చెప్పే పండితులు కూడా లోకంలో లేని వస్తువుకు ఉదాహరణ కావాలంటే శశవిషాణం అనేవారు. పాపం, వాళ్ళకు అమెరికాలోని ఐయోవా తెలియదు.

అక్కడి వేటగాళ్ళకు కొమ్ముల కుందేళ్ళు అప్పుడప్పుడూ దొరుకుతూనే ఉండేవి. మూతి మీద, చెవుల మొదట్లో, మెడ మీద నల్లగా, గట్టిగా పొడుచుకొచ్చిన మొలకలు. యూరప్‌లోనైతే 16వ శతాబ్దంలోనే కొమ్ముల కుందేలును జంతువుల బొమ్మల పుస్తకాల్లో నిజం జంతువులాగా చిత్రించారు. వయోమింగ్ రాష్ట్రంలో డగ్లస్ అనే ఊరివాళ్ళు 1930లలో ఇంకో అడుగు ముందుకేసి, చచ్చిన కుందేలు తలకు జింక కొమ్ములు అతికించి, దానికి జాకలోప్ అని పేరుపెట్టి అమ్మకానికి పెట్టారు. చూసి నవ్వుకున్నవాళ్ళు కొందరు, భయపడ్డవాళ్ళు కొందరు. కోసి చూద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు.

తోచినవాడు రిచర్డ్ షోప్. ఐయోవాలోనే పుట్టి పెరిగిన డాక్టరు. ప్రిన్స్‌టన్‌లోని రాక్‌ఫెల్లర్ పరిశోధనాలయంలో పనిచేస్తూ, పందులకు వచ్చే ఇన్‌ఫ్లుయెంజాకు వైరసే కారణమని 1931లో తేల్చాడు. సొంత రాష్ట్రపు కొమ్ముల కుందేళ్ళ సంగతి చెవిన పడగానే ఆ మొలకలు తెప్పించుకున్నాడు. నిలువుగా కోస్తే కొమ్ము కాదని తెలిసిపోయింది. లోపల ఎముక లేదు. అడుగున గులాబీ రంగు మెత్తటి కండ, దానిమీద పొరలు పొరలుగా ఎండిపోయిన చర్మం. మన గోళ్ళలో ఉండే కెరటినే అదీ. అంటే అది ముదిరిన పులిపిరి.

షోప్ దాన్ని మెత్తగా నూరి, ఉప్పునీళ్ళలో కలిపి, బాక్టీరియా కూడా దూరలేని బెర్క్‌ఫెల్డ్ ఫిల్టరులో వడగట్టాడు. దిగిన నీటిని ఆరోగ్యంగా ఉన్న కుందేళ్ళ చర్మం గీకి రుద్దాడు. రోజులు గడిచేసరికి సరిగ్గా రుద్దిన చోటనే పులిపిర్లు లేచాయి. బాక్టీరియాను ఆపే ఫిల్టరు దాటి వచ్చింది కాబట్టి అది వైరసే. 1933లో తోటి పరిశోధకుడు వెస్టన్ హర్స్ట్‌తో కలిసి ఈ సంగతి అచ్చువేశాడు. పిడుదులూ దోమలూ ఒక కుందేలు నుంచి ఇంకోదానికి దాన్ని మోసుకెళ్తాయని తర్వాత తేలింది. మొలక నోటి చుట్టూ పెరిగితే మేత అందక కుందేలు చస్తుంది. వదిలేస్తే చాలావాటికి దానంతటదే రాలిపోతుంది.

కథ ఇక్కడితో ఆగిపోయినా బాగానే ఉండేది. కానీ షోప్‌కు ఒక పేచీ ఎదురైంది. అడవి కుందేలు పులిపిరి నుంచి వైరస్ సులువుగా వస్తోంది. అదే వైరస్ ఇంట్లో పెంచే కుందేలుకు అంటిస్తే పులిపిరైతే లేస్తోంది గాని, దాన్ని మళ్ళీ నూరి వడగడితే ఏమీ అంటడం లేదు. వైరస్ పని చేసేసి, కంటికి కనబడకుండా దాక్కుంది. ఈ దాగుడుమూతలే ముందుముందు అసలు కీలకమవుతాయని అప్పుడెవరూ అనుకోలేదు.

ఆ వైరస్ మీద ముందుకెళ్ళే పని షోప్ తన మిత్రుడు పేటన్ రౌస్‌కు అప్పగించాడు. కోళ్ళ కంతి వైరస్ వల్ల వస్తుందని రౌస్ 1911లోనే చెప్పి, ఎవరూ పట్టించుకోక ఊరుకున్న మనిషి. ఆయనా, తోటి పరిశోధకుడు బియర్డూ కలిసి, పెంపుడు కుందేళ్ళలో ఆ పులిపిర్లు చాలావరకు క్యాన్సర్‌గా మారుతున్నాయని 1930ల మధ్యలో చూపించారు. పాలిచ్చి పెంచే జంతువులో వైరస్ నుంచి క్యాన్సర్ పుట్టడం కళ్ళారా చూడటమంటే మాటలు కాదు. 1937లో షోప్ ఇంకోటి కనిపెట్టాడు: అదే వైరస్‌ను చర్మానికి రుద్దకుండా కడుపులోకి సూదితో ఎక్కిస్తే పులిపిర్లు రావు సరికదా, కుందేలుకు రక్షణ వస్తుంది. టీకాకు దారి అక్కడే పడింది. 1966లో షోప్ పోయాడు. అదే ఏడాది రౌస్‌కు 87వ ఏట నోబెల్ ఇచ్చారు. ఇంత ఆలస్యమేమిటని అడగబుద్ధేస్తుంది.

ఆ తర్వాత జర్మనీలో హెరాల్డ్ జుర్ హౌజెన్, ఆడవాళ్ళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణం మనుషుల పులిపిరి వైరస్, అంటే హెచ్‌పీవీయేనని పట్టుబట్టాడు. తక్కినవాళ్ళ చూపంతా హెర్పీస్ మీద ఉంది. ఆయన వైరస్ కోసం కాక, కణాల్లో దాక్కున్న దాని డీఎన్‌ఏ కోసం వెతికాడు. 1983లో హెచ్‌పీవీ 16వ రకం, మరుసటేడు 18వ రకం దొరికాయి. ఆ క్యాన్సర్లలో సుమారు 70 శాతం ఈ రెంటి పనే. వైరస్ పైతొడుగు లాంటి ఖాళీ గుల్లను టీకాగా ఇవ్వవచ్చని 1995లో చూపించింది మళ్ళీ కుందేళ్ళలోనే, షోప్ వైరస్‌తోనే. 2006లో మనుషుల టీకా వచ్చింది. 2008లో జుర్ హౌజెన్‌కు నోబెల్.

ఆ టీకా మన గడ్డమీదికి వచ్చిన తీరు మాత్రం చెప్పుకోదగ్గది కాదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వంటి మండలాల్లో, పదీ పద్నాలుగేళ్ళ మధ్య ఆడపిల్లలకు పాత్ అనే సంస్థ ప్రదర్శన కార్యక్రమంగా వేయించింది. అందులో చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. గుజరాత్‌తో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణం కాకపోవచ్చనే విచారణలో చెప్పారు. కానీ తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారన్నది బయటపడింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. నా లెక్కలో తప్పు టీకాది కాదు, అడక్కుండా వేయడానిది. దాని ఫలితంగా మంచి మందు మీద పడ్డ అనుమానం ఏళ్ళ తరబడి వదల్లేదు.

ఇక మన నందికొట్కూరు వైపు కుందేళ్ళ సంగతి. మిడుతూరు దగ్గర రోళ్ళపాడు గడ్డిభూముల్లోనూ, చుట్టుపక్కల శనగ చేలల్లోనూ తిరిగే చెవులపిల్లి, షోప్ చూసిన కుందేలు జాతి కాదు. షోప్ చూసినవి కాటన్‌టెయిల్ కుందేళ్ళు, ఆ వైరస్‌కు సొంత ఇల్లు అవే. మనది మెడ వెనక నల్లటి మచ్చ ఉన్న రకం. బొరియ తవ్వదు, గడ్డిలో ఒళ్ళు పట్టేంత పల్లం చేసుకుని కూర్చుంటుంది. పిల్లలు బొచ్చుతో, కళ్ళు తెరిచే పుడతాయి. మన దగ్గర చెవి మీద బుడిపెల్లా కనిపించేవి చాలాసార్లు రక్తం తాగి ఉబ్బిన పిడుదులు. నోట్లోంచి దంతంలా వంకర తిరిగి వస్తే అవి పళ్ళు. కుందేలు ముందరి పళ్ళు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి, పైవీ కిందవీ సరిగా ఆనకపోతే అరగవు. గాయం చీముపట్టి గడ్డకట్టినా చూడటానికి వింతగానే ఉంటుంది.

2025 ఆగస్టులో అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్‌లో ముఖం నిండా మొలకలున్న కుందేళ్ళ ఫొటోలు లోకమంతా తిరిగాయి. అక్కడి అధికారులు చెప్పింది ఒక్కటే: ఈ వైరస్ మనుషులకు గాని, కుక్కలకు గాని అంటదు, కానీ వాటిని ముట్టుకోకండి. మనకూ అదే మాట. బుడిపెలున్న చెవులపిల్లి కనబడితే వల వేయకండి, కూర వండకండి, దాన్ని వేటాడటం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఫొటో తీసి అటవీశాఖ వాళ్ళకు గాని, ఊళ్ళో పశువుల డాక్టరుకు గాని చూపించండి. ఇంట్లో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్ల ఉంటే, హెచ్‌పీవీ టీకా గురించి డాక్టర్ని అడిగి, తెలుసుకుని, మీ చేత్తో మీరే సంతకం పెట్టి వేయించండి.