ఏ ఊరి నాణెం?

1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలి ఇటుకలకు తగిలి ఆగిపోయింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక ముంత, ముంతలో రోము చక్రవర్తుల బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్, ఫౌస్టినా రాణి. ఆ మొహాలు ఎవరివో రైతుకు తెలియదు, తెలిసినా ఒరిగేదేమీ లేదు. పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా నాణేలు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కుటుంబంలోని అమీర్-ఉల్-ఉమరా ముప్పైకి పైగా సంపాదించాడు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిలోంచి రెండు ఎంచుకుని, జరిగిందంతా ఒక ఉత్తరంలో రాసి పెట్టాడు. కొన్నిటికి నగల్లో గుచ్చుకున్నట్టు చిల్లులున్నాయని కూడా రాశాడు. మన ఆడవాళ్ళ కాసుల పేరు వయసెంతో ఆ చిల్లుల్ని బట్టి ఊహించుకోవచ్చు.

బంగారం పోయింది, ఉత్తరం మిగిలింది. నాగలి, ఇటుకలు, గుడి, ముంత అన్నీ అందులో ఉన్నాయి గనుక రెండు శతాబ్దాల తర్వాత కూడా నెల్లూరు రోము వర్తకం మాట వచ్చినప్పుడు ఆ ముంత మాట వస్తుంది. డేవిడ్‌సన్ తీసుకున్న రెండు నాణేలు మాత్రమే ఉండి, ఆ ఉత్తరం లేకపోతే, అవి ఏ లండను దుకాణంలోనైనా దొరికే రెండు రోము నాణేలు, అంతే.

నేను ఈ కథను కరిగించినవాడి వైపు నుంచి కూడా చూస్తాను. మాది అవుసుల ఇల్లు. కరీంనగర్‌లో మా తాత దుకాణంలో కుంపటి, ఊదుగొట్టం, మూస, పటకారు, గీటురాయి ఉండేవి, దొరికినదాన్ని దొరికినట్టు ఉంచే పనిముట్టు ఒక్కటీ ఉండేది కాదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చెలకల్లో దొరికిన బిళ్ళలు వచ్చేవి. తెచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట: "మా అవ్వ పెట్టెల ఉండె." తాత ఇంకేమీ అడిగేవాడు కాదు. "ఏ ఊరిదని అడిగితె బేరం పోతది బిడ్డా" అనేవాడు నాతో. వెండి, బంగారం మూసలోకి పోయేవి. సీసం బిళ్ళలు మాత్రం ఓ డబ్బాలో పడేవి. వెండిని పుటం పెట్టి శుద్ధి చేయడానికి సీసం కావాలి కదా. ఏనుగులు, ఓడలు, రాజుల పేర్లు ఎన్ని ఆ డబ్బాలోంచి పుటంలోకి పోయాయో!

తప్పంతా అవుసుల వాళ్ళ మీదికి తోస్తే మాత్రం నేనొప్పుకోను. బ్రిటిష్ ఇండియాలో 1878లో నిధుల చట్టం వచ్చింది. హైదరాబాద్ సంస్థానానికి దాని సొంత చట్టం ఉండేది. 1878 చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గలది దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. సర్కారు దాన్ని తీసుకుంటే లోహం ఖరీదు, దాని మీద ఐదో వంతు ఇవ్వాలి. ఇది బంగారాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టిన లెక్క. ముంతెడు శాతవాహన సీసం బిళ్ళలకు లోహం ఖరీదు ఎంత, దాని మీద ఐదో వంతు ఎంత? అది పుచ్చుకోవడానికి రైతు ఒక రోజు కూలి మానుకుని తాలూకా కచేరీకి నడవాలి. పైగా దొరికిందంటే ఇంకా దాచాడేమోనన్న అనుమానం. లంకెబిందెల కథలు విని పెరిగిన ఊళ్ళలో ఆ అనుమానం పోలీసు పటేలుకే కాదు, పక్కింటివాడికీ ఉంటుంది. రైతు నోరు మూసుకున్నాడంటే తెలివైనవాడే.

దొరలలో ఆ సీసం బిళ్ళల్ని లెక్కలోకి తీసుకున్నవాళ్ళు కొందరున్నారు. కాలిన్ మెకంజీ మన కావలి సోదరుల చేయూతతో రాతప్రతులూ శాసనాలూ సేకరిస్తూ, ఆరు వేలకు పైగా నాణేలు కూడా కూడబెట్టాడు. తర్వాత వాల్టర్ ఇలియట్. 1845లో అమరావతి దిబ్బ తవ్వించినాయన, ఉత్తర సర్కారులకు కమీషనరు. కోరమాండల్ తీరంలో దొరికే రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ నాణేలు ఆయన సంచిలోకి చేరాయి. ముసలితనంలో చూపు పోయాక దక్షిణ దేశపు నాణేల మీద పుస్తకం తెచ్చాడు. నాణేన్ని వేళ్ళతో తడిమి బొమ్మ చెప్పేవాడేమోనని నాకో ఊహ, రుజువేమీ లేదు. 1908లో రాప్సన్ బ్రిటిష్ మ్యూజియం కోసం ఆంధ్ర రాజుల నాణేల జాబితా వేసినప్పుడు, రాజు పేరుతో పాటు దొరికిన ప్రాంతాన్ని కూడా ఆధారం చేసుకుని వాటిని విడదీశాడు. ఓడ తీరానిది, తొండమెత్తిన ఏనుగు పోటిన్ (రాగిలో సీసం, తగరం కలిపిన లోహం) నాణెం దక్కనుది. ఏ సీమలో ఏ బొమ్మ చెల్లిందో అలా తేలింది. ఎక్కడ దొరికిందో ఎవరో ఒకరు కాగితం మీద పెట్టకపోయి ఉంటే ఆ జాబితా ఆ రకంగా సాధ్యమయ్యేది కాదు.

ఈ మాటకు మా జిల్లాలోనే పెద్ద సాక్ష్యం ఉంది. గోదావరిలో పెద్దవాగు కలిసే చోట కోటిలింగాల. ఇప్పుడు జగిత్యాల జిల్లా. అక్కడ మట్టి దిబ్బ మీద గట్టి వాన కురిసి వెలిస్తే నాణేలు పైకి తేలేవి. ఊరివాళ్ళకది వింత కాదు, పిల్లలు ఆడుకునేవాళ్ళు. ధర్మపురి పండితులు సంగనభట్ల నరహరి శర్మ వాటిని ఏరి, ఇవి కోటిలింగాలవి అని చెప్పి మరీ భద్రపరిచారు. ఠాకూర్ రాజారాం సింగ్ ఈ ప్రాంతపు దిబ్బలన్నీ కాలినడకన తిరిగి పురావస్తు శాఖ దృష్టికి తెచ్చారు. పరబ్రహ్మశాస్త్రి ఆ నాణేల మీది బ్రాహ్మీ అక్షరాలు చదివి ప్రకటించారు. అప్పుడు బయటపడ్డాయి పేర్లు: గోబద, నారన, కంవాయ, సమగోప. పురాణాల రాజుల పట్టికల్లో వీళ్ళు కనబడరు. శాతవాహనులకు ముందు గోదావరి ఒడ్డున తమ పేరుతో నాణెం కొట్టించుకున్న రాజులున్నారని మనకు చెప్పినవి ఆ బిళ్ళలే.

వాటితో పాటే చిముక అన్న పేరున్న నాణేలూ దొరికాయి. పురాణాలు శాతవాహన వంశానికి మూలపురుషుడంటూ రకరకాలుగా పలికిన సిముకుడు ఇతనేనా, అదే పేరుగల వేరొకడా అన్న వాదం ఇంకా సాగుతోంది. అంతకుముందు శాతవాహనుల మొదలు ఎక్కడంటే నానేఘాట్ శాసనం, పైఠాన్ చూపించి మహారాష్ట్ర అనేవాళ్ళు. కోటిలింగాల తర్వాత ఆ మాట అంత తేలిగ్గా అనడానికి లేకుండా పోయింది. నేను తెలంగాణవాణ్ణి కనుక ఇటువైపు మొగ్గుతానని మిత్రులు ఎగతాళి చేస్తారు. మొగ్గుతాను, కాదనను. కానీ ఆ నాణేలు హైదరాబాద్‌లో ఏ పాత సామాన్ల అంగట్లోనో ఊరు పేరు లేకుండా అమ్ముడై ఉంటే, మొగ్గడానికి నాకు, కాదనడానికి మిత్రులకు ఇద్దరికీ చేతిలో ఏమీ ఉండేది కాదు.

గుంపుగా దొరికినదాన్ని గుంపుగానే ఉంచడం కూడా ఊరి పేరంత ముఖ్యం. శాతవాహన నాణెం అచ్చు బిళ్ళ కన్నా పెద్దదిగా ఉండేది. కొట్టినవాడి చేయి కాస్త పక్కకు జరిగితే సగం అక్షరాలు బిళ్ళ మీద పడవు. ఒక దాని మీద "రఞో సిరి", ఇంకో దాని మీద "సాతక", మరోదాని మీద చివరి "ణిస". నాలుగైదు పక్కపక్కన పెడితేనే పూర్తి పేరు కూడుతుంది. 1939లో అకోలా జిల్లా తర్హాళలో సుమారు 1600 పోటిన్ నాణేలు ఒక్కచోట దొరికితే, మిరాశీ వాటిని కలిపి చదివి కుంభ శాతకర్ణి, కర్ణ శాతకర్ణి, శక శాతకర్ణి అనే రాజుల్ని బయటికి తీశాడు. ఆ కుండ పది మంది చేతుల్లోకి పంపకమై ఉంటే ఆ ముగ్గురు రాజులూ పంపకమైపోయేవాళ్ళు.

నా దగ్గరున్న వాటిలో నాకు ప్రాణమైనది చూడ్డానికి నాసిరకం. చిన్న పోటిన్ బిళ్ళ. రంగు వానకు తడిసి ఆరిన నల్లరేగడి రంగు. ఒక వైపు ఏనుగు కుడివైపుకు నిలబడి తొండం పైకెత్తింది. ఎడమ అంచున బిళ్ళ కొంచెం విరిగి తోక పోయింది. ఏనుగు వీపు మీద మూడక్షరాలు, వాటిలో ఒకటి సగమే. వెనక్కి తిప్పితే ఉజ్జయిని గుర్తు: అడ్డంగా నిలువుగా కలిసిన గీతలు, నాలుగు కొసలా నాలుగు గుండ్రాలు. బజారులో దీనికి టిఫిను ఖర్చంత ధర కూడా పలకదు. నాకిచ్చిన బడి పంతులుగారు దీన్ని పాత క్యాలెండరు కాగితంలో మడిచి ఇచ్చారు. కాగితం మీద పెన్సిలుతో "ధూళికట్ట, పత్తి చేను, వాన వెలిసినంక" అని ఆయన రాత. ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది, మట్టికోట ఉంది. ఆ కోట బయట చేలల్లో శాతవాహనుల చిల్లర చెల్లిందని ఆ పెన్సిలు గీతలు చెబుతాయి. నాణేన్ని ఎన్ని డబ్బాలు మార్చినా ఆ కాగితాన్ని మాత్రం దాంతోనే ఉంచుతాను.

ఎందుకు కొన్నానా అనిపించేవి వేరే ఉన్నాయి. అందరూ నకిలీల గురించి అడుగుతారు. నాకొకటి తగిలింది: కృష్ణదేవరాయల బాలకృష్ణుడి బొమ్మ బంగారు నాణెం. వెన్నముద్ద పట్టుకున్న కృష్ణుడు, వెనక నాగరిలో "శ్రీ ప్రతాప కృష్ణరాయ". గీటురాయి మీద గీస్తే బంగారం మేలిమిదే. కాసుల పేరు కోసం అవుసుల వాళ్ళు పాత వరహాల అచ్చు తీసి మంచి బంగారంతోనే కాసులు పోసేవాళ్ళు. ఇదీ అలాంటిదే. బంగారం అసలు, నాణెం కాదు. దాని గురించి నాకు పెద్ద బాధ లేదు, మా తాతలాంటివాడెవడో చేసిన చక్కని పని.

బాధంతా అసలైన వాటి గురించే. ఒక నాణేల ప్రదర్శనలో ఒకాయన పళ్ళెం నిండా శాతవాహన సీసం నాణేలు పోసి అమ్ముతున్నాడు. అన్నిటి మీదా ఒకటే ఎర్రమట్టి, ఒకటే రకం పొర. నెల తిరక్కముందే ఏ కుండలోంచో బయటికి వచ్చినవని చూస్తేనే తెలుస్తుంది. "ఎక్కడివండీ?" అన్నాను. "ఎక్కడివైతే ఏంది సార్, అసలువే కదా" అన్నాడు. బేరమాడి ఒక గుప్పెడు తెచ్చుకున్నాను. నా ముందు ఒకాయన, నా వెనక ఇద్దరు తలో గుప్పెడు తీసుకున్నారు. సాయంత్రానికి పళ్ళెం ఖాళీ. ఆ కుండలో ఎంతమంది రాజులున్నారో ఇక ఎవరూ లెక్క తేల్చలేరు. ఇంటికి తెచ్చి చెక్క సొరుగులో పెట్టాను. చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసానికి పడదు, తెల్లటి పొడి రాలుతుంది. అవి ఇప్పుడు గాజు సీసాల్లో ఉన్నాయి, చీటీల మీద తేదీ ఉంది, ఖరీదు ఉంది, ఊరు మాత్రం లేదు.

ఖజానా ఆఫీసులో చేసి రిటైరైనవాణ్ణి కనుక నాణేల సంగతి వస్తే మావైపు కుర్రాళ్ళు నాకు ఫోటోలు పంపుతారు. అందరూ ముందు అడిగేది "రేటెంత సార్?" నేను ముందు అడిగేది ఏ ఊరని. ఎక్కువమంది అక్కడితో ఆగిపోతారు. ఈ ఏడు మాత్రం గోదావరి ఒడ్డున మొక్కజొన్న వేసే ఒక అబ్బాయి ఫోటోతో పాటు ఫోన్‌లో చేను లొకేషన్ కూడా పంపాడు. కాలువ తీస్తుంటే కుండ పెంకుల మధ్య ఐదు బిళ్ళలు దొరికాయట. కడగొద్దని, నిమ్మకాయతో అసలే రుద్దొద్దని, పెంకులు కూడా పారేయొద్దని, సర్కారు ఆఫీసులో అప్పజెప్పమని చెప్పాను. "చేను గుంజుకుంటరా సార్?" అన్నాడు. ఐదు బిళ్ళలకు ఎవరూ చేను తీసుకోరు, దిబ్బ పెద్దదైతే తవ్వకానికి అడగొచ్చు, అప్పుడు పరిహారం గురించి గట్టిగా మాట్లాడాలి అన్నాను. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. వారం పట్టింది అతను నిర్ణయించుకోవడానికి. అప్పజెప్పి వచ్చి రసీదు ఫోటో పంపాడు. అందులో నాణేల సంఖ్య సరిగ్గానే ఉంది, ఊరి పేరే పక్క ఊరిది రాశారు. దిద్దించుకు రమ్మని మళ్ళీ పంపాను.